రానిరోజు పని

2024 సెప్టెంబరు 5, గురువారం

పొద్దున ఎనిమిదింటికల్లా లాయర్ల ఆఫీసు మెయిల్‌రూమ్‌లో ఉన్నాను, టోపీ ఆయన బదులు. (ఈ పుస్తకంలో మా మెంబర్ల పేర్లు రాయను. ఎండైనా వానైనా టోపీ తీయడు కాబట్టి ఈయన టోపీ ఆయన.) ఆరున్నరకి ఫోన్ చేసి "ఇవాళ మంచం దిగలేను" అన్నాడు. ఎందుకని అడగలేదు. "సరే, నేను వెళ్తున్నా, సాయంత్రం మాట్లాడుకుందాం" అని కారు తీశాను.

పని నాకు కొత్త కాదు. ఆయనకి నేర్పడానికి ముందు ఆగస్టులో నేనే వెళ్ళి నేర్చుకున్నాను. తపాలా సంచి విప్పి ఎవరి కవర్లు వాళ్ళ గూట్లో వేయడం, కోర్టు నుంచి వచ్చినవి ఏరి తేదీ ముద్ర కొట్టడం, కొరియర్ అబ్బాయి వచ్చేలోపు బయటికెళ్ళే కవర్లు తూచి స్టాంపు మిషన్‌లో పెట్టడం, ప్రింటర్లలో కాగితం నింపడం. ఇందులో ప్రాణమంతా తేదీ ముద్రలోనే ఉంది. లాయర్లు గడువులు లెక్కేసుకునేది దాన్ని బట్టే. పొరపాటున నిన్నటి తేదీ పడిందంటే పెద్ద రభస. అందుకే టోపీ ఆయన ముద్ర పెట్టె మూత లోపల చీటీ అంటించుకున్నాడు: "ముందు తేదీ మార్చు. తర్వాతే కాఫీ."

ఆఫీసు మేనేజరు నన్ను చూసి "ఓహో, ఇవాళ మీరా" అని తన గదిలోకి వెళ్ళిపోయింది. ఒప్పందమే అలాంటిది. ఎనిమిదింటికి ఆ గదిలో పని తెలిసిన మనిషి ఒకరుండాలి. ఎవరన్నది మా క్లబ్‌హౌస్ చూసుకుంటుంది, మానసిక జబ్బున్న మెంబర్లూ, నాలాంటి స్టాఫూ కలిసి నడిపే చోటు. ఆ కొలువు టోపీ ఆయనది కాదు, క్లబ్‌హౌస్‌ది. ఆరు నుంచి తొమ్మిది నెలల దాకా ఆయన చేస్తాడు, తర్వాత ఇంకొకరు. వారానికి ఇరవై గంటలు. గంటకి 17 డాలర్లు, ఆ ఆఫీసులో ఆ పనికి ఎవరికైనా ఇచ్చేదే. చెక్కు నేరుగా ఆయన పేరు మీదే వస్తుంది. ఇంటర్వ్యూ లేదు, ఇన్నేళ్ళూ ఏం చేశావన్న ప్రశ్న లేదు. ట్రాన్సిషనల్ ఎంప్లాయ్‌మెంట్ అని పూర్తి పేరు, మా మధ్య టీఈ.

సాయంత్రం ఫోన్ చేస్తే ఎత్తగానే "ఉద్యోగం పోయిందా?" అన్నాడు.

"ఎందుకు పోతుంది? కోర్టు కవర్లు చాలానే వచ్చాయి. అన్నిటికీ ముద్ర కొట్టి ఇచ్చేశా."

కాసేపు మాట లేదు. తర్వాత, "గూట్లో పెట్టేముందు పైన చీటీ అంటించారా?"

"అంటించా."

"ఏ రంగుది?"

"పసుపుది."

"అయితే సరే. రేపు నేను చూసుకుంటా" అని పెట్టేశాడు.

ఆయన ఇంతకు ముందు చేసిన చివరి ఉద్యోగం పంతొమ్మిదేళ్ళ కిందటిది. అందులో ఒక పొద్దున ఇలాగే మంచం దిగలేకపోయాడు. ఆ రోజు ఆయన బదులు వెళ్ళినవాళ్ళెవరూ లేరు.

సెప్టెంబరు 18, బుధవారం

నర్సింగు విద్యార్థులు చూడ్డానికొచ్చారు. వాళ్ళని తిప్పి చూపించింది ఇంగ్లీషు మేడమ్. హైస్కూల్లో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పిన మనిషి. జబ్బుతో బడి మానేసి, చాలా కాలం తెరలేసుకుని ఇంట్లోనే ఉండిపోయి, ఆ తర్వాత మా దగ్గరికొచ్చింది. చరిత్ర చెప్పమంటే ఆవిణ్ణి ఆపడం ఎవరి తరమూ కాదు. 1940లలో న్యూయార్క్ రాష్ట్రంలోని రాక్‌లాండ్ స్టేట్ హాస్పిటల్లో కలుసుకున్న కొందరు రోగులు, బయటికొచ్చాక కూడా ఒకరినొకరు వదలకుండా ఉండాలని కట్టుకున్న గుంపుతో మొదలుపెట్టింది. 1948లో మన్‌హాటన్‌లో ఫౌంటెన్ హౌస్ ఏర్పడటం, పెరట్లో ఉన్న చిన్న ఫౌంటెన్ వల్లనే ఆ పేరు రావడం, 1955లో జాన్ బియర్డ్ అనే సోషల్ వర్కర్ డైరెక్టరుగా వచ్చి ఇంటిని నడిపే పనుల చుట్టూనే రోజంతటినీ అమర్చడం, అన్నీ చెప్పింది. ఇప్పుడు ముప్ఫైకి పైగా దేశాల్లో మూడొందలకు పైగా క్లబ్‌హౌస్‌లు, అందరికీ కలిపి 37 ప్రమాణాలు. స్టాఫ్‌కి వేరే గది ఉండకూడదు. మెంబర్లు రాకూడని మీటింగు ఉండకూడదు. డాక్టర్లు, మందులు ఈ గడప లోపలికి రావు. అవి బయట వేరే చోట. స్టాఫ్ సంఖ్య కూడా కావాలనే తక్కువ పెడతారు, మెంబర్లు చేయి వేయకపోతే పని సాగకూడదని.

ఒక అమ్మాయి వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నవాళ్ళని చూసి అడిగింది: "ఇంత పని చేస్తున్నారు, వీళ్ళకి జీతం ఇవ్వరా?"

మేడమ్ అంది: "జీతం కావాలంటే బయట ఉద్యోగముంది, దానికి స్టాఫ్ సాయం చేస్తారు. ఇక్కడే జీతమిస్తే ఇక్కడే ఉండిపోతాం. పాత రోజుల్లో ఆస్పత్రుల్లో రోగులు బుట్టలల్లి చిల్లర తీసుకునేవాళ్ళు. అందులోంచి బయటపడ్డవాళ్ళు ఎంతమంది?"

పొద్దుటి మీటింగులో బోర్డు మీద పనులు రాస్తాం. రిసెప్షను ఫోన్లు, మధ్యాహ్నం వంట, హాజరు కంప్యూటర్లో ఎక్కించడం, న్యూస్‌లెటర్. అన్నిటికంటే కింద ఒక పని రోజూ ఉంటుంది: రానివాళ్ళకి ఫోన్లు. చాలా రోజులు కనబడని మెంబర్ ఎవరైనా ఉంటే వాళ్ళకి ఎవరో ఒకరు ఫోన్ చేయాల్సిందే. ఆ అమ్మాయి దాన్ని రాసుకుంటుంటే చూశాను.

అక్టోబరు 9, బుధవారం

ఇవాళంతా ఉత్తరం పని. మా మెంబర్లలో ఒక కుర్రాడికి. వాడికి ఇరవైమూడు. పంతొమ్మిదో ఏట కమ్యూనిటీ కాలేజీలో చేరాడు. రెండో సెమిస్టర్ మధ్యలో గొంతులు వినపడటం మొదలైంది. క్లాసులకి వెళ్ళడం మానేశాడు కానీ కాలేజీకి మాట మాత్రం చెప్పలేదు. నాలుగు సబ్జెక్టుల్లోనూ ఎఫ్. ఇప్పుడు మళ్ళీ చదవాలంటాడు.

ఫీజు గొడవ లేదు. మసాచుసెట్స్‌లో కమ్యూనిటీ కాలేజీ నిరుడు ఇరవైఐదు దాటినవాళ్ళకి ఉచితం చేశారు, ఈ ఏడు నుంచి డిగ్రీ లేని రాష్ట్రవాసులందరికీ. అడ్డం వచ్చింది పాత ఎఫ్‌లు. సాయం అందాలంటే తీసుకున్న క్రెడిట్లలో సుమారు మూడింట రెండొంతులు పాసై ఉండాలన్న నియమముంది. లేకపోతే ఏం జరిగిందో చెప్పి అప్పీలు పెట్టుకోవాలి.

మొదటి చిత్తుప్రతి రెండు పేజీలు. గొంతులు ఏమన్నాయో, నాన్నతో ఎలా పోట్లాడాడో, ఆస్పత్రిలో ఎన్నాళ్ళున్నాడో మొత్తం ఉంది. పేరాకొకసారి క్షమాపణ. ఇంగ్లీషు మేడమ్ చదివి పెన్సిల్ తీసింది.

"ఇది ఎవరికి రాస్తున్నావు?"

"ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకి."

"వాళ్ళకి నీ గురించి ఇంత తెలియక్కర్లేదు. అడిగింది మూడే. ఏమైంది, ఇప్పుడేం మారింది, ఈసారి ఎలా చదువుతావు. మొదటిదానికి రెండు వాక్యాలు, డాక్టరు ఉత్తరం జతచెయ్. మిగతా కాగితమంతా మూడోదానికి."

సాయంత్రానికి అర పేజీ అయింది. ఒక సెమిస్టర్‌కి రెండే సబ్జెక్టులు. మంగళ, గురువారాలు మధ్యాహ్నం క్లబ్‌హౌస్‌లో చదువుకునే బల్ల దగ్గర మేడమ్‌తో హోంవర్కు. కాలేజీ వికలాంగుల సేవల ఆఫీసులో నమోదు. చివరిదాని దగ్గర కలం ఆగింది. "అక్కడ చెప్తే లెక్చరర్లందరికీ తెలిసిపోదూ?"

తెలియదు. వాళ్ళకి అందే కాగితంలో జబ్బు పేరుండదు. పరీక్షకి ఒకటిన్నర రెట్లు సమయం, విడి గది, పాఠం రికార్డు చేసుకునే అనుమతి, ఇలా కావలసిన వెసులుబాట్లే ఉంటాయి. చెప్పాలా వద్దా అన్నది కూడా వాడి ఇష్టమే. చెప్పకపోతే ఆ వెసులుబాట్లు రావు, అంతే. రాత్రి ఆలోచించుకుంటానన్నాడు. ఆలోచించుకోమన్నాను.

నవంబరు 2, శనివారం రాత్రి

తెనాలిలో ఆదివారం పొద్దున. పిన్ని ఫోను.

"ఏమ్మా, దీపావళికి ఏం చేశావు?" దగ్గర మొదలై, యథాప్రకారం తన కొడుకు, నా తమ్ముడి దగ్గరికొచ్చింది. వాడికి ఇరవైతొమ్మిది. బీటెక్ మూడో ఏట ఆగింది. గుంటూరు డాక్టరు మందులు సరిగ్గానే పనిచేస్తున్నాయి, గొడవల్లేవు. పదకొండుకి లేస్తాడు, క్రికెట్ చూస్తాడు, పడుకుంటాడు.

"ముందు పూర్తిగా తగ్గనీవే. తర్వాత ఉద్యోగం సంగతి చూద్దాం."

"ఎనిమిదేళ్ళుగా ఇదే మాట కదా పిన్నీ."

"మరేం చేయమంటావు? మధ్యలో మళ్ళీ వస్తే? ఉద్యోగంలో చేరాక వస్తే నలుగురికీ తెలుస్తుంది. ఇంట్లో ఉంటే మనకే తెలుస్తుంది."

ఈ మాట ఇక్కడ అమెరికావాళ్ళ నోటా విన్నాను, వేరే యాసలో. ముందు తయారు చేసి తర్వాత పనిలో పెట్టాలన్నది పాత పద్ధతి. 1990లలో న్యూహాంప్‌షైర్‌లో రాబర్ట్ డ్రేక్, డెబొరా బెకర్ దాన్ని తిరగేశారు. మనిషి పని చేస్తానంటే చాలు, లక్షణాలు ఎలా ఉన్నా వెంటనే మామూలు ఉద్యోగం వెతకాలి, ఆ తర్వాత ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు తోడుండాలి. ఎన్నో దేశాల్లో పరీక్షించి చూస్తే పాత పద్ధతి కంటే దాదాపు రెట్టింపు మందికి ఉద్యోగాలు దొరికాయి. పిన్నికి ఇదంతా చెప్పలేదు. చెప్పినా "అక్కడ సరే" అంటుంది.

2016 వికలాంగుల హక్కుల చట్టం గురించి మాత్రం చెప్పాను. మానసిక వ్యాధి అందులో ఉంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో వికలాంగులకున్న 4 శాతంలో ఒక శాతం ఆటిజం, మేధో వైకల్యం, మానసిక వ్యాధి వగైరాలన్నిటికీ కలిపి. ప్రభుత్వ కాలేజీల్లో 5 శాతం సీట్లు. సర్టిఫికెట్‌కి 40 శాతం రావాలి, యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డు తీసుకోవాలి.

"కార్డు మీద ఏమని రాస్తారు?"

చెప్పాను.

"చెల్లికి సంబంధాలు చూస్తున్నాం. ఇప్పుడా కార్డు?"

ఇది భయం కాదు, లెక్క. ఇంట్లో ఇద్దరు పిల్లల్లో ఒకరికి మేలు చేసే కాగితం రెండోవారి పెళ్ళికి అడ్డం పడుతుందని పిన్ని లెక్క. తప్పని అనలేకపోయాను. కార్డు లేకుండా ఏదైనా ఉందా అంటే, బెంగళూరు నిమ్హాన్స్‌లో కోలుకుంటున్నవాళ్ళు నడిపే కాఫీ దుకాణం గురించి, చెన్నైలో 1984 నుంచి పనిచేస్తున్న స్కార్ఫ్ సంస్థ గురించి చెప్పాను. "అవన్నీ పట్నాలు. మాది తెనాలి" అంది.

నవంబరు 28, గురువారం

థాంక్స్‌గివింగ్. పండగని క్లబ్‌హౌస్ సరిగ్గా ఆ రోజే చేయాలన్నది కూడా ప్రమాణాల్లో ఉంది. ముందు రోజు టర్కీ తిని "హ్యాపీ హాలిడే" అనుకుని పంపేయడం కుదరదు. అసలు ఇంట్లో ఒంటరిగా ఉండలేని రోజు అదే కదా. నేను పులిహోర పట్టుకెళ్ళాను. టోపీ ఆయన మూడుసార్లు వడ్డించుకుని, పల్లీలు ఇంకొంచెం ఉంటే బాగుండునన్నాడు.

కుర్రాడి అప్పీలు ఒప్పుకున్నారు. ఒక సెమిస్టర్ ప్రొబేషను, జనవరిలో తీసుకునే రెండు సబ్జెక్టులూ పాసవ్వాలి. వికలాంగుల ఆఫీసుకి కూడా తనే వెళ్ళొచ్చాడు. నాకు చెప్పకుండా వెళ్ళాడు. బాగుంది.

2025 జనవరి 15, బుధవారం

మా మెంబర్లలో కుట్టుపని ఆవిడ, టోపీ ఆయన గడువు అయ్యాక, మే తర్వాత మెయిల్‌రూమ్‌కి వెళ్తానంది. వారం తిరక్కుండా వద్దంది. కారణం నాకు తెలుసు, ఇక్కడ అందరి కారణమూ అదే: చెక్కు. ఆవిడకొచ్చేది ఎస్ఎస్ఐ, అంటే ఆదాయం తక్కువున్న వికలాంగులకి ప్రభుత్వమిచ్చే భృతి, ఈ ఏడు కేంద్రం నుంచి నెలకి 967 డాలర్లు. ఉద్యోగం చేస్తే అది పోతుందని, ఉద్యోగం పోతే మళ్ళీ రాదని, నడుమ వైద్యం కార్డు కూడా పోతుందని ఎవరో చెప్పారు.

కాగితం మీద రాసి చూపించాను. వారానికి ఇరవై గంటలు, గంటకి 17. నెలకి సుమారు 1,470. అందులో 85 లెక్కలోకి తీసుకోరు. మిగతా 1,385లో సగం, అంటే 692.50, ఎస్ఎస్ఐలోంచి తగ్గిస్తారు. ఇంకా 274.50 వస్తుంది. జీతంతో కలిపి సుమారు 1,744. ఎలా చూసినా 967 కంటే ఎక్కువే. జీతం వల్ల ఎస్ఎస్ఐ పూర్తిగా ఆగిపోయినా వైద్యం కొనసాగే వీలుంది. ఉద్యోగం పోతే అయిదేళ్ళలోపు మొదట్నుంచీ దరఖాస్తు లేకుండా తిరిగి చేర్చమని అడగొచ్చు.

టోపీ ఆయనది వేరే దారి. జబ్బుకి ముందు పనిచేసి పన్ను కట్టినందుకు వచ్చే ఎస్ఎస్‌డీఐ. ఈ ఏడు నెలకి 1,160 దాటి సంపాదించిన ప్రతి నెలా పరీక్షా కాలంలో ఒకటి కింద పడుతుంది. అలా అయిదేళ్ళలో తొమ్మిది నెలలు గడిచేదాకా ఎంత సంపాదించినా చెక్కుకి ఢోకా లేదు. ఆ తర్వాత చూసేది 1,620 గీత.

ఆవిడ కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, "రెండు వేలు దాటి దాచుకోకూడదట కదా, నిజమేనా?" అంది. నిజమే. ఎస్ఎస్ఐ తీసుకునే ఒంటరి మనిషి బ్యాంకులో రెండు వేల డాలర్లకి మించి ఉండకూడదు. ఎప్పటిదో అంకె, ఇంకా మార్చలేదు. "అయితే కుట్టు మిషను కొనుక్కుంటా" అంది. వెళ్తానందా లేదా అన్నది మాత్రం చెప్పలేదు.

మార్చి 6, గురువారం

లాయర్ల ఆఫీసు మేనేజరు ఫోన్ చేసింది. "ఆయన్ని మార్చకండి. మాకాయన అలవాటయ్యాడు. పర్మినెంటుగా తీసుకుంటాం."

సంతోషించాల్సిన మాటే, ఇరకాటమూ అదే. టీఈ కొలువు క్లబ్‌హౌస్‌ది. ఆయనకే ఇచ్చేస్తే వెనకున్నవాళ్ళకి మొదటి మెట్టు పోతుంది. మేలో ఆయన దిగడం ఓడిపోవడం కిందికి రాదు, ముందే రాసుకున్న గడువు అది. కానీ మనసుకి అలా ఉంటుందా? ఇన్నాళ్ళకి చేతికందిన పని, బాగా చేస్తున్న పని, ఎవరూ పొమ్మనకుండానే వదలాలి. డ్రేక్, బెకర్ల పద్ధతివాళ్ళు క్లబ్‌హౌస్‌లని దెప్పేది సరిగ్గా దీనికే: తాత్కాలికం ఎందుకు, మొదటే సొంత ఉద్యోగం ఇప్పించలేరా అని. మా రాష్ట్రంలోనే వూస్టర్‌లో క్లబ్‌హౌస్‌ని, ఇళ్ళకెళ్ళి చూసుకునే వైద్య బృందం పద్ధతితో పోల్చి చూసి 2006లో ప్రచురించారు. క్లబ్‌హౌస్ వైపు పనిలో చేరినవాళ్ళు ఎక్కువ రోజులు చేశారు, ఎక్కువ సంపాదించారు. దానితో వాదన తేలిపోయిందని కాదు.

నాకు తోచేది ఇది. ఇరవైమూడేళ్ళ కుర్రాడికి నేరుగా సొంత ఉద్యోగమే మేలు. పంతొమ్మిదేళ్ళు ఇంట్లో ఉన్న మనిషికి మాత్రం, రాలేని రోజున కూడా పోని ఉద్యోగం ఒకటి ముందు చేతిలో పడాలి. పని వస్తుందో రాదో అన్న అనుమానం ఆయనకి ఎప్పుడూ లేదు. రాలేని రోజు గురించే ఆయన దిగులంతా.

మేనేజరుతో మాట్లాడి ఒక దారి తీశాం. జూన్‌లో రికార్డు గదిలో అర రోజు పని ఖాళీ అవుతుంది. దానికి ఆయన అందరిలాగే దరఖాస్తు పెట్టుకోవచ్చు. దొరికితే అది ఆయన సొంతం, మేం వెనకుంటాం. దాన్ని సపోర్టెడ్ ఎంప్లాయ్‌మెంట్ అంటాం.

ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే: "అప్పుడు నేను రాని రోజు మీరొస్తారా?"

"రాను. అందరిలాగే మీరూ సెలవు పెట్టుకోవాలి. ముప్ఫై గంటల పనికి ఒక గంట జబ్బు సెలవు వస్తుంది, రాష్ట్ర చట్టం."

టోపీ సర్దుకుని లెక్క కట్టాడు. "అంటే నెలన్నరకి ఒక పొద్దు. పర్లేదు."

ఏప్రిల్ 8, మంగళవారం

కుర్రాడు పది రోజులుగా రావడం లేదు. బోర్డు మీద చివరి పని మేడమ్ తీసుకుంది. మొదట ఎవరూ ఎత్తలేదు, తర్వాత వాళ్ళమ్మ ఎత్తింది. ఆస్పత్రిలో ఉన్నాడు. శుక్రవారం వచ్చేశాడట. ఇవాళ మధ్యాహ్నం తలుపు తోసుకుని వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా చదువుకునే బల్ల దగ్గర కూర్చున్నాడు. మేడమ్ వాడి పక్కన కుర్చీ లాక్కుని "ఇంగ్లీషుకి ఏ వ్యాసం మిగిలింది?" అంది. ఇన్నాళ్ళూ ఏమైపోయావని ఎవరూ అడగలేదు.

స్టాటిస్టిక్స్ వదిలేస్తానన్నాడు. ఇప్పుడు వదిలేస్తే డబ్ల్యూ పడుతుంది. ఎఫ్ కాదు కానీ, సాయం లెక్కలో అది కూడా తీసుకుని పూర్తి చేయని సబ్జెక్టే. ప్రొబేషను మీద ఉన్నవాడికి మళ్ళీ అప్పీలు రాత. ఇన్‌కంప్లీట్ అని ఇంకొకటుంది. చాలావరకు పని అయిపోయి, మిగిలింది తగిన కారణం చేత ఆగితే, లెక్చరరు ఒప్పుకుంటే తర్వాత గడువులో పూర్తి చేసుకోవచ్చు. అడగడానికి వాడికి నోరు రావడం లేదు. నేను రాస్తానంటే వద్దన్నాడు. చివరికి తనే నాలుగు వాక్యాలు టైపు చేశాడు. క్షమాపణ ఒక్కటే ఉంది, అది కూడా మేడమ్ చూసి, "ఇదొక్కటి ఉంచుకో, మర్యాదగా ఉంది" అన్నది.

క్లబ్‌హౌస్‌వాళ్ళం నాలుగు హక్కుల గురించి చెప్పుకుంటాం. రావడానికి ఒక చోటు, అర్థమున్న పని, మనుషులతో సంబంధం, తిరిగి రావడానికి ఒక చోటు. కొత్తలో నాలుగోది మొదటిదే కదా, రెండుసార్లు ఎందుకు రాశారనుకునేదాన్ని. మొదటిసారి రావడానికి తలుపు తెరిచి ఉంటే చాలు. చెడిపోయాక రావడానికి, నీ పని నువ్వొదిలిన చోటే ఎవరో పట్టుకుని ఉండాలి.

మే 29, గురువారం

అప్పగింతలు. కుట్టుపని ఆవిడ చివరికి ఒప్పుకుంది. ఈ వారమంతా ఆవిడకి నేర్పింది నేను కాదు, టోపీ ఆయన. నేను మూల నిలబడ్డాను.

ఇద్దరికీ పొసగలేదు. గూళ్ళ మీద పేర్లు మరీ చిన్నగా ఉన్నాయని ఆవిడ రెండో రోజే పెద్ద అక్షరాలతో చీటీలు రాసుకొచ్చింది. తొమ్మిది నెలలు ఎవరికీ ఇబ్బంది లేదు, ఇప్పుడేం వచ్చిందని ఈయన గొణిగాడు. స్టాంపు మిషన్‌లో మందం కవరు ఇరుక్కుంటే, ఈయన తలుపు తీసి వెనక నుంచి లాగే కిటుకు చూపించాడు. ఆవిడ తన సంచిలోంచి కుట్లు విప్పే చిన్న కొక్కెం తీసి ముందు నుంచే లాగేసింది. ఈయన అది ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. మూత లోపలి చీటీ చదివి ఆవిడ, "నేను కాఫీ తాగను" అంది. "తేదీ మారిస్తే చాలు" అన్నాడు.

మేనేజరు కేకు తెప్పించింది. మొక్క కూడా ఇచ్చింది.

జూన్ 14, శనివారం రాత్రి

రికార్డు గది ఉద్యోగం టోపీ ఆయనకి రాలేదు. అనుభవం ఎక్కువున్న వేరే మనిషికిచ్చారు. రెండు రోజులు క్లబ్‌హౌస్‌కి రాలేదు. మూడోరోజు వచ్చి రానివాళ్ళకి ఫోన్లు తను చేస్తానన్నాడు. సోమవారం ఆస్పత్రి స్టోర్సులో ఒక పని ఉందంటే ఆ దరఖాస్తు తీసుకున్నాడు. రెజ్యుమేలో పైన ఇప్పుడు 2024 అని ఉంది. కిందది 2005. కుర్రాడికి ఇంగ్లీషులో బీ వచ్చింది, స్టాటిస్టిక్స్ వేసవిలో పూర్తి చేయాలి.

పిన్ని ఫోను. చెప్పాలని ఆత్రంగా ఉంది, దీపావళి కబుర్ల లాంటివేం లేకుండా సూటిగా వచ్చింది. తమ్ముడు మావయ్య జిరాక్స్ షాపుకి వెళ్తున్నాడట. పొద్దున పదకొండు నుంచి ఒంటిగంట దాకా. తమ్ముడు లేచే వేళ కదా అని మావయ్యే ఆ టైము పెట్టాడు. బడులు తెరిచారు, ఆధార్ కాపీలకి, టీసీలకి జనం తోసుకుంటున్నారు. వాడు మిషను దగ్గరే ఉంటాడు, కౌంటరు మావయ్యది. మాట్లాడక్కర్లేదు.

"మరి రాలేని రోజు?"

"నేనెళ్తున్నా."

"నువ్వా!"

"ఏం, నాకు చేతకాదా? మొన్న రెండ్రోజులు వాడు లేవలేదు. మీ మావయ్య కోప్పడతాడేమోనని నేనే వెళ్ళి నిలబడ్డా. కాగితం ఇరుక్కుంది, చెయ్యంతా నల్లరంగు. మర్నాడు వాడొచ్చి, నేను పెట్టిన కాగితం సైజు తప్పని నన్నే కసిరాడు."

వీళ్ళకి ప్రమాణాల పుస్తకం ఎవరూ ఇవ్వలేదు. టీఈలో సగం తెనాలిలో పిన్ని తనే కనిపెట్టుకుంది. మిగతా సగం గురించి అడిగాను: "జీతమెంత ఇస్తున్నాడు?"

నవ్వింది. "ఇంటివాడికి జీతమేంటే! మధ్యాహ్నం టిఫిను పెట్టిస్తున్నాడు. వాడికి కాలక్షేపం, అంతే."

"కాలక్షేపమైతే నువ్వెందుకెళ్ళావు వాడి బదులు? కాలక్షేపానికి ఎవరైనా బదులెళ్తారా? అంతకు ముందు ఆ మిషను దగ్గరుండే అబ్బాయికి మావయ్య ఎంతిచ్చేవాడు?"

పిన్నికి తెలియదు. తెలుసుకుంటానంది. అడిగితే తమ్ముడు ఏమనుకుంటాడో, వాణ్ణి షాపు మానిపిస్తారేమో అని మళ్ళీ వెనక్కి లాగింది. తేలలేదు. బాబాయి పక్కనుంచి "నెల నెలా వాడి చేతికి ఎంతో కొంత వస్తే వాడే లేస్తాడు" అన్నది మాత్రం వినపడింది. ఆయన ఈ సంగతి మీద నోరు విప్పడం ఇదే మొదలు.

రేపు మావయ్యకి నేనే ఫోన్ చేస్తాను. పాత అబ్బాయికి గంటకెంత పడేదో ముందు అడగాలి. వీడికీ అంతే, పైసా తక్కువ కాదు, చుట్టరికం ధర కాదు. నెలాఖరున పిన్ని చేతికి కాదు, వాడి అకౌంటులో వేయాలి.